సౌండ్ ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది?

విశాఖ మద్దిలపాలెంలో ఉండే మా మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు. మిగతా రోజుల్లో గది తలుపేసుకుని సొంతంగా పాటలు కట్టుకుంటాడు. వేసవి సెలవుల్లో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు.

"మావయ్యా, విండోస్ తీసేసి లైనక్స్ పెట్టాను. అన్నీ పనిచేస్తున్నాయి. సౌండే రాట్లేదు."

లైనక్స్ అంటే విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. ఇరవై ఏళ్లుగా దాన్ని వాడుతున్నవాణ్ని కాబట్టి మా చుట్టాల్లో ఇలాంటి ఫోన్లన్నీ నాకే వస్తాయి. "ఇప్పటిదాకా ఏం చేశావురా?" అని అడిగాను. "నెట్‌లో చెప్పినవన్నీ చేశాను" అన్నాడు. ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. సౌండ్ రాకపోవడం చిన్న జబ్బు. నెట్‌లో చెప్పినవన్నీ చేసేసి ఉండటం పెద్ద జబ్బు.

మర్నాడు వెళ్లి చూశాను. ఒక సౌండ్ సర్వర్ (ప్రోగ్రామ్‌ల సౌండ్‌ని కార్డుకి చేర్చే మధ్యవర్తి ప్రోగ్రామ్) తీసేసి, ఇంకొకటి ఎక్కించి, మూడోదాని సెట్టింగ్ ఫైల్‌ని చేత్తో మార్చి పెట్టాడు. వాడు పాటించిన చిట్కాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒకటి 2009 నాటిది, ఒకటి 2014 నాటిది, ఇంకొకటి మొన్నమొన్నటిది. రాసిన రోజున అన్నీ సరైనవే. ముగ్గురు డాక్టర్లు వేర్వేరు ఏళ్లలో వేర్వేరు జబ్బులకి రాసిన చీటీలు తీసుకెళ్లి మందులన్నీ ఒకే పూట మింగితే ఎలా ఉంటుందో ఆ ల్యాప్‌టాప్ అలా ఉంది.

లైనక్స్‌లో పాట చేసుకుందామనుకునేవాళ్లకి ఎదురయ్యే విసుగులో సగం ఇక్కడే పుడుతుంది. చిట్కా కింద తేదీ ఉంటుంది, కానీ ఎవరూ చూడరు. ఆ తేదీ ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఈ వ్యవస్థ ఎలా పెరుగుతూ వచ్చిందో కొంచెం చూడాలి.

ఒకే తీగ మీద రెండు పనులు

కంప్యూటర్ని సౌండ్ కోసం రెండు రకాల మనుషులు వాడతారు. మొదటివాడు వినేవాడు. ఒక పక్క పాట, మధ్యలో వాట్సాప్ టింగుమనడం, ఇంకో పక్క వీడియో, అన్నీ కలిసి వినిపించాలి. ఇయర్‌ఫోన్స్ పెడితే సౌండ్ దానంతట అదే అందులోకి మారాలి. పాట అర సెకను ఆలస్యంగా మొదలైనా వాడికి పట్టింపు లేదు. రెండోవాడు వాయించేవాడు. వాడికి వాట్సాప్ టింగు అక్కర్లేదు, వస్తే తిడతాడు కూడా. కీ మీద వేలు పడ్డ క్షణానే స్వరం వినిపించాలి, అంతే. వంద మిల్లీసెకన్లు ఆలస్యమైతే చెయ్యి తాళం తప్పుతుంది.

మొదటివాడికి సర్దుబాటు కావాలి, రెండోవాడికి సమయం కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం. లైనక్స్ ఆడియో చరిత్ర అంతా ఈ ఇద్దరిలో ఒకసారి ఒకణ్ని, ఇంకోసారి ఇంకొకణ్ని మెప్పించే ప్రయత్నమే.

1990ల మొదట్లో హన్ను సవొలైనెన్ అనే ఫిన్లాండ్ ప్రోగ్రామర్ రాసిన డ్రైవర్లతో, అంటే సౌండ్ కార్డుని నడిపే ప్రోగ్రామ్‌లతో, ఓపెన్ సౌండ్ సిస్టమ్ వచ్చింది. అప్పట్లో చాలా కార్డులతో ఒక ప్రోగ్రామ్ సౌండ్ తలుపు తెరిస్తే, అది బయటకొచ్చేదాకా రెండోదానికి ప్రవేశం లేదు. ఎస్టీడీ బూత్ అనుకోండి. తర్వాత 1998లో యారోస్లావ్ కిసెలా అనే చెక్ ప్రోగ్రామర్ ఆల్సా మొదలుపెట్టాడు. గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే ఒక్క కార్డు కోసం రాసుకున్న డ్రైవరే పెరిగి పెద్దదై, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లైనక్స్‌కి గుండెకాయ) లైనక్స్ అసలు సౌండ్ వ్యవస్థ అయింది. ఇప్పటికీ అట్టడుగున ఉన్నది ఆల్సానే. పైన ఎవరు వచ్చినా ఎవరు పోయినా కార్డుతో నేరుగా మాట్లాడేది అదే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం గందరగోళం పోతుంది.

ఆల్సా కార్డుని నడుపుతుంది కానీ నలుగురి మధ్య పంచాయితీ తీర్చడంలో అంత గట్టిది కాదు. అందుకని పైన ఒక సర్వర్ కావాల్సి వచ్చింది. ఇక్కడే దారి రెండుగా చీలింది.

వాయించేవాళ్ల వైపు నుంచి పాల్ డేవిస్ వచ్చాడు. అమెజాన్ తొలి రోజుల్లో అక్కడ పనిచేసిన ప్రోగ్రామర్ ఈయన. ఆర్డర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తూ, దాని అవసరం కోసం జాక్ అనే సర్వర్ తయారుచేశాడు. స్టూడియోలో వైర్లు గుచ్చినట్టు ఒక ప్రోగ్రామ్ నోటిని ఇంకో ప్రోగ్రామ్ చెవికి కలపొచ్చు. అందరూ ఒకే తాళానికి నడవాలి, ఆలస్యం చేసినవాణ్ని బయటికి నెట్టేస్తుంది. చండశాసనుడైన గురువు లాంటిది.

వినేవాళ్ల వైపు నుంచి లెన్నార్ట్ పోయెటరింగ్ 2004లో మొదలుపెట్టిన పల్స్ ఆడియో వచ్చింది. లైనక్స్‌ని తలా ఒక రకంగా సర్ది పంచే డిస్ట్రోల్లో, ఫెడోరా 8తో 2007లో, ఉబుంటు 8.04తో 2008లో డెస్క్‌టాప్‌లలో కూర్చుంది. ఒక్కో ప్రోగ్రామ్‌కి వేరే వాల్యూమ్, హెడ్‌ఫోన్ పెట్టగానే మారడం లాంటి సుఖాలన్నీ దానివే. కానీ మొదటి రెండు మూడేళ్లు జనం దాన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. కొంత దాని సొంత తప్పు. కొంత, అంతకుముందు ఎవరూ కదిలించని ఆల్సా డ్రైవర్లలో దాక్కున్న తప్పులు దీనివల్ల బయటపడటం. "పల్స్ ఆడియో తీసెయ్యి, అన్నీ బాగుపడతాయి" అనే చిట్కా ఆ రోజుల్లో పుట్టింది. పాపం, ఇప్పటికీ బతికే ఉంది. మా వాడు మొదట పాటించింది అదే.

ఇక పదేళ్లకి పైగా లైనక్స్ మీద పాట చేసేవాడి బతుకు రెండు పడవల ప్రయాణం. జాక్ నడపాలంటే పల్స్ ఆడియో కార్డుని వదలాలి. జాక్ నడుస్తుంటే బ్రౌజర్ మూగబోతుంది. రెండింటికీ మధ్య వంతెనలు, ఆ వంతెనలకి మళ్లీ సెట్టింగులు. 2014 నాటి చిట్కాలన్నీ ఈ కాపురం నడపడం గురించే.

దీనికి తెర దించింది పైప్‌వైర్. రెడ్ హ్యాట్ అనే లైనక్స్ కంపెనీలో పనిచేసే విమ్ టేమన్స్ రాశాడు. అసలు మొదలుపెట్టింది వీడియో కోసం, కెమెరానీ స్క్రీన్ షేరింగ్‌నీ ప్రోగ్రామ్‌ల మధ్య పంచడానికి. తర్వాత ఆడియో కూడా అందులోకి వచ్చేసింది. దాని తెలివంతా ఒకచోట ఉంది: కొత్త తలుపు తెరిచి అందర్నీ అటు రమ్మనలేదు, పాత రెండు తలుపుల దగ్గరా తనే నిలబడింది. పల్స్ ఆడియో కోసం రాసిన ప్రోగ్రామ్ వచ్చి తలుపు కొడితే పల్స్ గొంతుతో పలుకుతుంది. జాక్ కోసం రాసినది వస్తే జాక్ గొంతుతో పలుకుతుంది. లోపల ఉన్నది ఒక్కరే. 2021లో ఫెడోరా 34 దీన్నే పెట్టుకుంది, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 కూడా. 2023 నవంబరులో 1.0 వెర్షన్ వచ్చింది.

కాబట్టి మీ లైనక్స్ ఈ రెండు మూడేళ్లలో పెట్టుకున్నది అయితే, అందులో ఉన్నది చాలావరకు పైప్‌వైరే. దాని మీద పాత పద్ధతిలో అసలు జాక్ సర్వర్ని ఎక్కించి స్టార్ట్ నొక్కితే ఏమవుతుంది? ఇద్దరూ ఒకే కార్డు కోసం కొట్టుకుంటారు. మా వాడి ల్యాప్‌టాప్‌లోనూ ఇద్దరూ ఉన్నారు. ఎవరు ముందు లేస్తే వాళ్లది కార్డు. అందుకే ఇలాంటి చోట ఒక రోజు సౌండ్ వస్తుంది, మర్నాడు రాదు. జనం దాన్ని గ్రహచారం అనుకుంటారు.

బిందె లెక్క

సౌండ్ వచ్చాక అసలు బాధ మొదలవుతుంది. కీ నొక్కిన కాసేపటికి స్వరం వస్తుంది. ఆలస్యం తగ్గిద్దామని సెట్టింగ్ మారిస్తే చిటపటలు మొదలవుతాయి. చిటపటలు పోవాలంటే ఆలస్యం పెంచాలి. ఈ గుంజాటన అర్థం కావాలంటే విశాఖ కొండవాలు కాలనీల్లో నీళ్లు మోసినవాళ్లని అడగాలి.

కింద కుళాయి, పైన ఇల్లు, మధ్యలో మెట్లు. పైన ఇంట్లో తొట్టిలోంచి నీళ్లు ఆగకుండా ఒకే ధారగా పోతూ ఉండాలి, అదీ షరతు. ఆ ధార సౌండ్ కార్డు. కింద బిందె నింపుకుని మెట్లెక్కేవాడు మీ మ్యూజిక్ ప్రోగ్రామ్. ఒక బిందె పైన ఒలుకుతుంటే రెండో బిందె కింద నిండుతూ ఉంటుంది. ఈ బిందెనే బఫర్ అంటారు. బిందె పెద్దదైతే తొందర లేదు, మధ్యలో ఎవరైనా పలకరించినా నిలబడి మాట్లాడొచ్చు. కానీ ఇప్పుడు పైన పడుతున్న నీళ్లు ఎప్పుడో నింపినవి. బిందె చిన్నదైతే నీళ్లు తాజాగా ఉంటాయి, కానీ పరుగులు తియ్యాలి. ఒక్కసారి ఎవరైనా అడ్డం వచ్చారా, ధార తెగుతుంది. ఆ తెగిన చోటే చెవిలో "టప్" మంటుంది. లైనక్స్ వాళ్ల భాషలో దానికి ఎక్స్‌రన్ అని పేరు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. సెకనుకి 48,000 శాంపిల్స్ (సౌండ్‌ని కోసిన చిన్న ముక్కలు) లెక్కన నడిచే వ్యవస్థలో 1024 శాంపిల్స్ బిందె నిండాలంటే 21.3 మిల్లీసెకన్లు పడుతుంది. పైప్‌వైర్ మామూలుగా ఈ 1024తోనే మొదలవుతుంది. రెండు బిందెలు అనుకుంటే దాదాపు 43 మిల్లీసెకన్లు. మన ఎండల్లో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు వెళ్తుంది. అంటే 15 మీటర్ల దూరంలో స్పీకర్ పెట్టుకుని కీబోర్డ్ వాయిస్తున్నట్టు. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరో, ఏ వీధి పండగలోనో వరసగా కట్టిన మైకుల కింద నిలబడితే దగ్గరి మైకులో మాట అయ్యాక దూరపు మైకులో అదే మాట మళ్లీ వినిపిస్తుందే, ఆ తేడా ఇదే. అదే 128 శాంపిల్స్ బిందె అయితే ఒక్కోదానికి 2.7 మిల్లీసెకన్లు, రెండింటికీ 5.3. స్పీకర్ రెండు మీటర్ల లోపుకి వచ్చేసింది. దీనికి యూఎస్‌బీ దారిలో కొంత, ఇంటర్‌ఫేస్ (మైకునీ హెడ్‌ఫోన్‌నీ కంప్యూటర్‌కి కలిపే పెట్టె) లోపల కొంత కలుస్తుంది. అయినా మొత్తం 10 మిల్లీసెకన్ల చుట్టుపక్కల ఉంటే చాలామంది వాయిద్యగాళ్లకి తేడా తెలియదు.

పాడేవాళ్ల సంగతి వేరు. మైకులోంచి గొంతు లోపలికి వెళ్లి, తిరిగి హెడ్‌ఫోన్‌లోకి రావాలి కాబట్టి ఆలస్యం రెండు వైపులా పడుతుంది. దీనికి తేలికైన విరుగుడు చాలా ఇంటర్‌ఫేస్‌ల మీదే ఉంటుంది. డైరెక్ట్ మానిటర్ అనే బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది. గొంతు మాత్రమే రికార్డ్ చేసేవాళ్లు ఈ ఒక్క బటన్‌తో సగం తలనొప్పి తప్పించుకోవచ్చు.

బిందె చిన్నది చేయడం ఒక్క కమాండ్ పని. మోసేవాడికి మెట్ల మీద దారి ఇప్పించడం కష్టమైన పని. ల్యాప్‌టాప్ ఎంత స్పీడైనది అయినా, వంద సార్లు సమయానికి వచ్చి నూట ఒకటోసారి మూడు మిల్లీసెకన్లు ఆలస్యమైతే, చెవికి తగిలేది ఆ నూట ఒకటోదే. కొత్త ప్రాసెసర్ కొన్నా చిటపటలు పోలేదని ఏడ్చేవాళ్లకి ఇదే సమాధానం. అడ్డం వచ్చేవాళ్లు రకరకాలు: బ్యాటరీ ఆదా కోసం ప్రాసెసర్ కునుకు తీయడం, వైఫై డ్రైవర్, మౌసూ పెన్‌డ్రైవ్ అన్నీ ఒకే యూఎస్‌బీ హబ్‌కి తగిలించడం. మా వాడి విషయంలో వైఫై. దాన్ని ఆపగానే చిటపటలు సగానికి సగం పోయాయి. ప్రాసెసర్ని పెర్ఫార్మెన్స్ మోడ్‌లో పెడితే మిగతావి కూడా దాదాపు పోయాయి.

మ్యూజిక్ ప్రోగ్రామ్‌కి క్యూలో ముందుకి వెళ్లే హక్కు కూడా ఇవ్వాలి. దాన్ని రియల్‌టైమ్ ప్రయారిటీ అంటారు. చాలా డిస్ట్రోల్లో మీ యూజర్ పేరుని ఆడియో అనే గ్రూపులో చేర్చి, ఆ గ్రూపుకి ఈ హక్కు ఇచ్చే చిన్న ఫైల్ ఉందో లేదో చూసుకోవాలి. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. ఇది మర్చిపోయి రెండు రోజులు కొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. అందులో నేనూ ఒకణ్ని.

రియల్‌టైమ్ కెర్నెల్ అనే మాట కూడా వింటుంటారు. కెర్నెల్‌ని సమయానికి కట్టుబడేలా చేసే ఆ మార్పులు ఇరవై ఏళ్లపాటు విడి ప్యాచ్‌గానే ఉండి, 2024 నవంబరులో వచ్చిన 6.12తో అసలు లైనక్స్‌లో కలిశాయి. గొప్ప విషయమే. కానీ ఇంట్లో కీబోర్డ్ వాయించుకోవడానికి ముందు దాని వెంట పడక్కర్లేదు. పైన చెప్పినవి సరిగా ఉంటే మామూలు కెర్నెల్ 128 దగ్గర హాయిగా నడుస్తుంది. కెర్నెల్ మార్చడం ఆఖరి మందు, చాలామంది దాన్నే మొదట వేస్తారు.

ఇక్కడ లైనక్స్‌ని ఒక్కదాన్నే తిట్టడం న్యాయం కాదు. విండోస్‌లోనూ ఇదే తగాదా ఉంది. అందుకే 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ ఏసియో అనే అడ్డదారి తయారుచేసింది, ఇప్పటికీ అక్కడ పాట చేసేవాళ్లు ఆ దారినే వెళ్తారు. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ లైనక్స్ కెర్నెలే, వాటిలోనూ ఏళ్ల తరబడి ఇదే ఆలస్యం. మ్యాక్ వాళ్లు సుఖపడటానికి పెద్ద కారణం, యంత్రమూ సాఫ్ట్‌వేరూ ఒకే ఇంట్లో తయారవడం. లైనక్స్ వాడు ఎవడో చేసిన ల్యాప్‌టాప్‌లో, ఇంకెవడో చేసిన చిప్‌ని, దాని గుట్టు చెప్పేవాడు లేకుండా నడపాలి.

ఆ రోజు మేం చేసింది

మొదట కలిపినవన్నీ తీసేశాం. చేత్తో మార్చిన సెట్టింగ్ ఫైళ్లు, విడిగా ఎక్కించిన జాక్ సర్వర్, అన్నీ. రీబూట్ చేస్తే సౌండ్ సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అని ఒక్కటే కనబడింది. ఈ మాటకి అర్థం "నాకు కార్డే కనబడలేదు" అని. అంటే గొడవ పైప్‌వైర్ దగ్గర లేదు, అంతకంటే కింద మెట్టు మీద ఉంది. ఈ ఐదారేళ్లలో వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో సౌండ్ చిప్ దగ్గర చిన్న ప్రాసెసర్ ఒకటి కూర్చుని ఉంటుంది. దానికి సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ కావాలి. కొన్ని డిస్ట్రోల్లో అది ముందే ఉంటుంది, కొన్నింట్లో మనం పెట్టాలి. పెట్టాం, కార్డు కనబడింది.

అయినా నిశ్శబ్దమే. ఈసారి సౌండ్ హెచ్‌డీఎంఐ వైపు, అంటే తగిలించని టీవీలోకి పోతోంది. ఇది మరీ మామూలు సంగతి. హెచ్‌డీఎంఐని కూడా లైనక్స్ ఒక సౌండ్ కార్డుగానే లెక్కేస్తుంది, ఒక్కోసారి దానికే మొదటి కుర్చీ వేస్తుంది. పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో కాన్ఫిగరేషన్ పేజీకి వెళ్లి దాన్ని ఆఫ్ చేశాం. పేరులో పల్స్ ఉంది కదా, పైప్‌వైర్ ఉన్నచోట పనిచేస్తుందా అని వాడి అనుమానం. చేస్తుంది. పాత తలుపు దగ్గర కొత్త మనిషి నిలబడి ఉన్నాడని చెప్పానే, అందుకు.

తర్వాత టెర్మినల్‌లో, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీలో, ఆల్సామిక్సర్ తెరిచాం. హెడ్‌ఫోన్ అనే నిలువు గీత కింద రెండు ఎం అక్షరాలు ఉన్నాయి, అంటే మ్యూట్. ఎం నొక్కితే పోయింది. పై మెట్ల మీద వాల్యూమ్ ఎంత పెంచినా అడుగున మ్యూట్ ఉంటే ఏమీ వినపడదు. ఎఫ్6 నొక్కి ఏ కార్డుని చూస్తున్నామో ముందు తేల్చుకోవాలన్నది కూడా గుర్తుంచుకోండి.

"వచ్చింది మావయ్యా!" అని వాడు గంతేసి, యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించి కీ నొక్కాడు. ఏమీ లేదు. వాడి మొహం మళ్లీ వాడిపోయింది.

ఇది లైనక్స్ తప్పు కాదు, కానీ కొత్తవాళ్లు దాదాపు అందరూ పడే గోతి. ఆ కీబోర్డ్ పంపేది మిడి. మిడిలో శబ్దం ఉండదు. "ఫలానా కీ, ఇంత గట్టిగా నొక్కారు, ఇప్పుడు వదిలారు" అనే సమాచారం మాత్రమే. స్వరలిపి లాంటిది, కాగితం మీద రాసుకున్న సరిగమలు వాటంతట అవి పాడవు కదా. వినిపించాలంటే ఒక సింథసైజర్ ప్రోగ్రామ్ కావాలి. క్యూసింత్‌లో సౌండ్‌ఫాంట్ (వాయిద్యాల శబ్దాలున్న ఫైల్) ఎక్కించినా సరే, సర్జ్ ఎక్స్‌టీ పెట్టినా సరే. పైగా కీబోర్డ్ నుంచి ఆ ప్రోగ్రామ్‌కి తీగ కలపాలి. క్యూపీడబ్ల్యూగ్రాఫ్ అనే ప్రోగ్రామ్ తెరిస్తే ఏది దేనికి కలిసిందో తీగలతో సహా బొమ్మలా కనబడుతుంది. సౌండ్ ఎక్కడ తెగిందో కళ్లతో చూడగలిగితే భయం సగం పోతుంది. నన్నడిగితే లైనక్స్‌లో పాట మొదలుపెట్టేవాడు మొట్టమొదట పెట్టుకోవాల్సింది ఇదే.

ఇంటర్‌ఫేస్ కొనడానికి డాబాగార్డెన్స్ వెళ్లినప్పుడు జరిగినది చెప్పాలి. "ఇది లైనక్స్‌లో పనిచేస్తుందాండీ?" అంటే కౌంటర్లో అబ్బాయి "అదేటండీ?" అన్నాడు. తప్పు అతనిది కాదు, ప్రశ్నది. "ఐప్యాడ్‌కి తగిలిస్తే డ్రైవర్ ఏమీ పెట్టకుండా పనిచేస్తుందా?" అని అడగాలి. దానికి అవునంటే చాలావరకు లైనక్స్‌లోనూ పనిచేస్తుంది. ఎందుకంటే రెండూ యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ఉమ్మడి పద్ధతినే నమ్ముకుంటాయి. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్‌తోనే సెట్టింగులన్నీ మారే పెట్టెలతో మాత్రం జాగ్రత్త. సౌండ్ వస్తుంది, లోపలి బటన్లు కొన్ని చేతికి అందకపోవచ్చు.

బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తానని మా వాడు కాసేపు మారాం చేశాడు. వద్దన్నాను. గాలిలో పంపడానికి సౌండ్‌ని కుదించి విప్పేసరికే మామూలుగా నూరు మిల్లీసెకన్లు దాటుతుంది, ఏ సర్వర్ పెట్టినా తగ్గదు. పైగా దాని మైకు వాడితే చాలా హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ ఫోన్ కాల్ నాణ్యతకి పడిపోతుంది. తీగ ఉన్న హెడ్‌ఫోన్ వందల రూపాయల్లో దొరికేది కూడా ఈ విషయంలో దానికంటే మేలు.

చివర్లో ఒక 'గుయ్' శబ్దం మిగిలింది. దాని కోసం వాడు రాత్రంతా సెట్టింగులు వెతికాడట. ఛార్జర్ పీకితే పోయింది, పెడితే వచ్చింది. ఆ గదిలో ప్లగ్ పాయింట్‌కి మూడో రంధ్రం ఉంది కానీ వెనకాల ఎర్త్ తీగ లేదు. ఎలక్ట్రీషియన్ పని అది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లల్లో ఇంకోటి కూడా చూసుకోవాలి: ఉప్పుగాలికి జాక్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఆ కర్రకర్ర శబ్దాన్ని ఎక్స్‌రన్ అనుకుని కెర్నెల్ మార్చినవాణ్ని ఒకణ్ని చూశాను. తేడా పట్టడం తేలిక. పీడబ్ల్యూ-టాప్ అనే కమాండ్‌ని నడుపుతూ వినండి. చప్పుడు వచ్చినప్పుడల్లా ఎర్రర్ అంకె పెరిగితే అది బిందె గొడవ. అంకె కదలకుండా చప్పుడు వస్తే తీగలు చూసుకోండి.

ఇంకా కుదరనివి

అన్నీ కుదిరాయని అబద్ధం చెప్పను. సాఫ్ట్‌వేర్ వైపు మునుపటంత కరువు లేదు. ఆర్డర్ ఉంది, రీపర్‌కి లైనక్స్ వెర్షన్ ఉంది, బిట్‌విగ్ 2014 నుంచీ లైనక్స్‌లో నడుస్తోంది. కానీ మన ఊళ్లో కీబోర్డ్ వాయించేవాళ్లు ఎక్కువగా నేర్చుకునే ఎఫ్ఎల్ స్టూడియోకి, క్యూబేస్‌కి లైనక్స్ వెర్షన్ లేదు. తబలా, వీణ, నాదస్వరం శబ్దాలతో అమ్మే మంచి లైబ్రరీలు చాలావరకు విండోస్, మ్యాక్‌ల కోసం చేసినవే. యాబ్రిడ్జ్ అనే వంతెన మీదుగా విండోస్ ప్లగిన్లు (మ్యూజిక్ ప్రోగ్రామ్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు) కొన్ని బాగానే నడుస్తాయి, లైసెన్స్ తాళాలు గట్టిగా ఉన్నవి మొరాయిస్తాయి. సినిమా పాటల స్టూడియోలో ఉద్యోగం చేయాలనుకునేవాడికి లైనక్స్ ఒక్కదాన్నే నమ్ముకోమని నేను చెప్పను. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్‌తో వైరస్‌లు తెచ్చుకుని నెలకోసారి ఫార్మాట్ చేసుకునే కుర్రాడికి మాత్రం చెబుతాను.

పైప్‌వైర్ వచ్చాక నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. బిందె సైజు ఒకేసారి ఖాయం చేసి కూర్చోనక్కర్లేదు. 128 కావాలని అడిగే మ్యూజిక్ ప్రోగ్రామ్ తెరిస్తే వ్యవస్థ అంతా 128కి దిగుతుంది. అది మూసేస్తే మళ్లీ పెద్ద బిందెకి వెళ్లి బ్యాటరీ ఆదా చేస్తుంది. పాట ఆపి వీడియో చూడటానికి ఏమీ మార్చనక్కర్లేదు. వినేవాడూ వాయించేవాడూ ఒకే ఇంట్లో సర్దుకున్నట్టే. ఎక్కువ ఇన్‌పుట్లున్న ఇంటర్‌ఫేస్‌కి ప్రో ఆడియో అనే ప్రొఫైల్ పెట్టుకుంటే ఏ రంధ్రం ఎక్కడికి వెళ్తోందో విడివిడిగా కనబడుతుంది. రికార్డింగ్‌కి అదే మంచిది.

మా వాడి ల్యాప్‌టాప్ ఇప్పుడు 128 దగ్గర నడుస్తోంది. పాడే ముందు వైఫై ఆపుతాడు, ఛార్జర్ పీకుతాడు, బ్రౌజర్ మూస్తాడు. ఒక్కటి మాత్రం ఇప్పటికీ మా ఇద్దరికీ లొంగలేదు. మూత వేసి తెరిస్తే ఇంటర్‌ఫేస్ మాయమవుతుంది, తీగ పీకి మళ్లీ పెడితే గాని రాదు. అందుకని వాళ్లమ్మ గది ఊడ్వడానికి వస్తే చాలు, "మూత వెయ్యకమ్మా!" అని లోపలి నుంచి అరుస్తున్నాడు.